మనోవర్తి బాకీ

"కానాగంతలోయ్... సేపలోయ్!"

గంగాలమ్మ కేక సందు మొదట్లో వినిపించింది. తాయారు పాలగిన్నె దించి, చెంగుతో చేతులు తుడుచుకుని నిలబడిపోయింది.

కేక రెండిళ్ళ అవతల ఆగింది. కాలి కడియాల చప్పుడు మాత్రం తాయారు గుమ్మం దాటి వెళ్ళింది. రెండిళ్ళు దాటాక కేక మళ్ళీ లేచింది. నాలుగేళ్ళుగా ఇంతే. కంచరపాలెంలో అన్ని గుమ్మాల ముందూ అరిచే మనిషి ఈ ఒక్క గుమ్మం దగ్గర నోరు మూసుకుంటుంది.

లోపల ఆమె మొగుడు అప్పలసూరి ఈల వేస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. ఔటర్ హార్బరుకి రాళ్ళు తోలిన అతని రెండు లారీలూ పోయి, అప్పులవాళ్ళు గుమ్మం ఎక్కితే, డెబ్భై ఎనిమిదిలో దివాలా తీశానని ఐ.పి. పెట్టాడు. నిన్ననే కోర్టు పాత అప్పులన్నీ రద్దు చేసి విడుదల కాగితం చేతికిచ్చింది. ఆ కాగితానికి పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టాడు.

"పదింటికి లారీ బేరగాడొస్తాడే. రెండువేలు బయానా. పెట్టెలో పద్దెనిమిది వందలున్నాయి, మిగతాది మీ అన్న సర్దుతానన్నాడు. స్టీలు ప్లాంటుకి మట్టి తోలకం మొదలైంది. ఇంక నాను ఒకడి స్టీరింగు పట్టక్కర్లేదు!"

అంతలో తాయారు అన్న శ్రీరామ్మూర్తి వచ్చాడు. ప్లీడరు దగ్గర గుమాస్తా. చంకలో ఫైలు, నోట్లో కిళ్ళీ.

"బావా, ఒక్క మెలిక ఉండిపోయింది. కోర్టు అన్ని బాకీలూ కొట్టేసింది గానీ తాయారు మనోవర్తి కొట్టెయ్యలేదు. అది ఐ.పి.లో పోదట. నెలకి నూటయాభై. ఏడాది బకాయికి వారెంటు కూడా తియ్యొచ్చు."

అప్పలసూరి పగలబడి నవ్వాడు. "నా పెళ్ళాం నా మీద వారెంటా!"

ఆ కేసు శ్రీరామ్మూర్తి వేయించిన నాటకం. అప్పలసూరి డ్రైవరు జీతంలో కొంత అప్పులవాళ్ళ చేతికి పోకుండా మొగుడు వదిలేశాడని తాయారు చేత మనోవర్తి కేసు పెట్టించాడు. అప్పలసూరి ఆరు నెలలు పరవాడలో పెదనాన్న ఇంట్లో పడుకున్నాడు. తీర్పొచ్చాక తిరిగొచ్చి, ఎప్పటిలా జీతం తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"మొత్తం ముట్టిందని ఇక్కడ సంతకం పెట్టమ్మా, అయిపోద్ది," అంటూ శ్రీరామ్మూర్తి పెన్ను మూత తీశాడు.

తాయారు కాగితం తీసుకుని, అయిదో క్లాసు చదువుతో వేలు పెట్టి మెల్లగా చదివింది. మడిచి బొడ్లో దోపుకుంది.

"ముట్టలేదు గదన్నా. ఎలాగ పెట్టీది?"

"ఏటే, తిక్క పుట్టిందేటి?" అప్పలసూరి ముఖం మీద సబ్బు నురగతోనే లేచాడు. "అది ఉత్తుత్తి కేసు!"

"నీకు ఉత్తుత్తిది. కోర్టులో అందరి ముందూ నా మొగుడు నన్ను ఒగ్గేసినాడని నా నోటితో అన్నాను బావా. కుళాయి కాడ ఆడోళ్ళు ఆరు నెల్లు నవ్వేరు. ఆ ఏషానికి కూలియ్యి. ఏడాదిది పద్దెనిమిది వందలు. ఇప్పుడే."

"ఇయ్యకపోతే?"

"వారెంటు తెస్తాను. జైలుకెల్తే కేరేజీ నానే పట్టుకొస్తాను. నీకిష్టమని గోంగూర కూడా ఏస్తాను."

శ్రీరామ్మూర్తి కిళ్ళీ నమలడం మానేశాడు. "అమ్మీ, లారీ ఇంటి కోసమే గదే..."

"నువ్వు మాటాడకన్నా. నీ తెలివే ఇదంతా."

అప్పలసూరి గొంతు పెంచాడు. "ఇరవై ఏళ్ళు సంపాదించి పెట్టినాను. ఇప్పుడు లేవనియ్యవా? ఆ డబ్బు నీకెందుకే?"

"గంగాలమ్మకి."

శ్రీరామ్మూర్తి పెన్ను మూత పెట్టేశాడు.

గంగాలమ్మ మొగుడు సముద్రంలో పోయినప్పుడు వచ్చిన రెండువేలూ ఆమె తాయారు చేతిలో దాచుకుంది. వాటినే అప్పలసూరి లారీ టైర్లకు అడిగి తీసుకున్నాడు. ఐ.పి. లిస్టులో ఆమె పేరు పదహారోది. కోర్టు ఇస్తుందిలే అని తాయారు చెబితే, ఆ మాట మీద గంగాలమ్మ కోర్టు కాగితంపై వేలిముద్ర వేసింది. చివరికి రూపాయికి ఆరు పైసలు లెక్కన వచ్చింది. నూట ఇరవై.

"అందరికీ అంతే వచ్చింది," అన్నాడు అప్పలసూరి. "కోర్టే అప్పు సెల్లని సీటీ ఇచ్చింది."

"నీకిచ్చింది. నాకెవురిచ్చినారు? అది డబ్బు పెట్టింది నా సేతిలో. రోజూ నా గుమ్మం కాడ దాని నోరు మూతపడతాది. నాలుగేళ్ళై ఇంటన్నాను. నువ్వొక్క రోజైనా ఇన్నావా?"

బజారువైపు వెళ్ళిన గంగాలమ్మ అదే సందులోంచి వెనక్కి వస్తోంది. "సేపలోయ్..." కేక దగ్గరైంది. ఆగింది. అప్పలసూరి కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. కడియాల చప్పుడు తప్ప ఏమీ లేదు. తన ఇంటి ముందు ఒక మనిషి ఊపిరి బిగబట్టి నడుస్తోంది. చెంపల మీద నురగ ఎండిపోతోంది. అతను తువ్వాలుతో తుడుచుకుని, ట్రంకుపెట్టె తెరిచి, నోట్లకట్ట తీసి తాయారు చేతిలో పెట్టాడు.

"బావా! బేరగాడొచ్చీ టైమైంది!" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"రానీ. కోర్టుకి భయపడి తల దించినాను. అప్పులోళ్ళకి భయపడి పరవాడలో దాక్కున్నాను. బేరగాడికి కూడా భయపడమంటావేటి? ఇంకో ఏడాది ఒకడి స్టీరింగు పడతాను. పద, తాయారూ."

సందు మలుపులో అందుకుంటే, గంగాలమ్మ నోట్లు చూసి బుట్టతో సహా వెనక్కి జరిగింది. "నాకొద్దమ్మా. కోర్టోరు అప్పు కొట్టీసినారంట గదా. ఇది ముట్టుకుంటే మళ్ళీ ఏటి ఏలిముద్రో!"

"ఇది ఆయన అప్పు కాదే, నా మనోవర్తి. కోర్టే ఇమ్మంది. నా సొమ్ము నాను నీకిస్తన్నాను. ఏ లిస్టూ లేదు."

గంగాలమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, తడిచేతులు చీరకు తుడుచుకుంది. డబ్బు లెక్కపెట్టి రొంటిన దోపుకుని తలెత్తింది.

"ఇంకా ఎనభై తక్కువ."

"ఇస్తాం," అన్నాడు అప్పలసూరి. కళ్ళు ఒత్తుకుని సిమెంటు గోడకేసి తిరిగాడు.

మర్నాడు తెల్లవారి ఇద్దరూ కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. కేక సందు మొదట్లో లేచింది. రెండిళ్ళ అవతలికి వచ్చింది. ఆగలేదు.

"కానాగంతలోయ్! ఓలమ్మా తాయారమ్మా, తలుపు తియ్యి! మీకు మాత్రం అప్పు నేదు, రొక్కం!"

తాయారు నవ్వుతూ ఏడుస్తూ లేచింది. ఆమె కంటే ముందే అప్పలసూరి చిల్లర పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.