హాజరు కాలేదని రాసిన రోజు

హ్యూస్టన్‌లో వాగులు పొంగి ఇళ్ల చూరుల దాకా నీళ్లొచ్చాయే, ఆ వరద పోయిన మరుసటి ఏడు. ఆగస్టు ఆఖర్న ఒక మధ్యాహ్నం దోమితిలా షోల్ అనే గ్వాతెమాలా మనిషి రొట్టెల కొట్టు పైనున్న గదికి మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడకానుకుని నిలబడి, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

ఆ గది ఎవేలియో బాత్రెస్‌ది. హోండురాస్‌లో ఇరవై ఏళ్లు పోలీసు పని చేసి, ఇక్కడికొచ్చి డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నాడు. వయసు అరవై దాటింది. మాట తక్కువ. ఆయన దగ్గర పని చేసే నీదియాకు ఒక నమ్మకం ఉంది. ఆయన మాట్లాడకుండా కూర్చున్నాడంటే ఏదో దొరికిందని అర్థం. ఆ నమ్మకం ఇంతవరకూ తప్పలేదు.

కాగితం నీదియా చదివింది. మార్చి పద్నాలుగున విచారణకు హాజరు కాలేదు కాబట్టి దోమితిలాను దేశం నుంచి పంపెయ్యమని వలస కోర్టు జడ్జి ఇచ్చిన ఉత్తర్వు అది. మోసం వల్ల రాలేకపోయానని రుజువు చూపిస్తే కేసు మళ్లీ తెరుస్తారు. దానికి నూట ఎనభై రోజుల గడువు. ఇక పదకొండు రోజులే మిగిలాయి.

దోమితిలాకు చదువు రాదు. అంతకుముందు కోర్టు ఆమెను పిలిచింది ఒక్కసారే, అదీ మూడున్నరేళ్ల కిందట. ఆమె భర్తను చంపినవాళ్లు ఇంకా గ్వాతెమాలాలో ఆమె ఊళ్లోనే తిరుగుతున్నారు. వెనక్కి పంపితే వాళ్ల ఎదుటికే పోవాలి.

“నేను హాజరయ్యాను,” అంది. “పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా అక్కడే కూర్చున్నా. పేరు పిలిస్తే వినబడదేమోనని నీళ్లు తాగడానికి కూడా లేవలేదు.”

ఎవరు తీసుకెళ్లారని బాత్రెస్ అడిగాడు. కేసు కాగితాలు రాసిపెట్టే ఫెర్మీన్ ఉక్లేస్ తీసుకెళ్లాడంది. వరదకి పాత కోర్టు పాడైంది, ఇక్కడికి మార్చారు అని చెప్పి ఒక బల్ల మీద కూర్చోబెట్టి పోయాడట. నాలుగింటికి వచ్చి, జడ్జికి ఒంట్లో బాగాలేదు, వాయిదా పడింది అన్నాడట.

“లోపలికి పోయేటప్పుడు సంచి వెతికారామ్మా?”

“లేదయ్యా. మిషన్లు కూడా వరదలో పోయాయేమో అనుకున్నా.”

“పక్కన కూర్చున్నవాళ్లు ఎట్లా ఉన్నారు?”

“మంచి బట్టలేసుకున్నారు. ఆడవాళ్ల చేతుల్లో పూలున్నాయి. మా ఊళ్లో కూడా జడ్జి ముందుకి ఉన్నవాటిల్లో మంచివే కట్టుకుని పోతాం. నేనూ పండగ రవికే తొడుక్కున్నా. ఈ దేశంలోనూ మర్యాద ఉందనుకున్నా.”

“ఎవరైనా ఏడ్చారా?”

“బయటికొచ్చేటప్పుడు కొందరు ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. అందరూ గెలుస్తున్నారు, జడ్జి దయగలవాడు, నాకూ మంచే జరుగుతుంది అనుకున్నా.”

బాత్రెస్ పెన్సిలు కింద పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నీదియా గుండె కాస్త కుదుటపడింది.

మర్నాడు ఇద్దరూ దోమితిలా ఉండే ఇంటికెళ్లారు. ఇంటి యజమాని ఒరాలియా గడప దగ్గరే అడ్డుకుంది. వరదలో తపాలా పెట్టెలు కొట్టుకుపోయినప్పటి నుంచి అందరి ఉత్తరాలూ ఆమె చేతికే వస్తున్నాయి. దోమితిలా గదిని తన మేనల్లుడికి ఇవ్వాలని ఆమెకి ఆశ ఉందని వీధంతా చెప్పుకుంటోంది. విచారణకి రమ్మన్న కోర్టు ఉత్తరం దాచింది ఆమేనని కూడా అనుకుంటున్నారు. ఆ మాట అడిగితే ఒరాలియా చేతులు నడుముకి పెట్టుకుంది. గది కావాలంటే ఖాళీ చెయ్యమని మొహం మీదే చెప్తాను, దొంగతనాలు నాకెందుకు అంది. కోర్టు నుంచి ఏ ఉత్తరం వచ్చినా దోమితిలా తరఫున ఫెర్మీన్ చేతికే ఇచ్చానంది.

అక్కణ్నుంచి ఫెర్మీన్ దగ్గరికెళ్తే, అతను తెల్ల టోపీ సర్దుకుంటూ నెమ్మదిగా మాట్లాడాడు. తారీకు ముందే చెప్పాడట, ఆమే నిద్రపోయి మానేసిందట. ఆ రోజు పొద్దుట్నుంచీ రాత్రి దాకా తను శాన్ ఆంటోనియోలో ఉన్నాడట. పాపం, ఊరి మనిషి, గడియారం చూడ్డం తెలీదు అని నవ్వాడు కూడా.

తిరిగొచ్చేటప్పుడు బాత్రెస్ నీదియాకు ఒక పని చెప్పాడు. మార్చి పద్నాలుగున ఈ ఊళ్లో రిజిస్టరు పెళ్లి చేసుకున్నవాళ్లందరినీ వెతకమన్నాడు.

“కోర్టు కేసుకీ పెళ్లికీ ఏం సంబంధం, ఎవేలియో గారూ?”

“ముందు వెతుకమ్మాయ్.”

నీదియా ఆరు రోజులు తిరిగింది. ఆ లోపల బాత్రెస్ దోమితిలాను వెంటబెట్టుకుని అసలు కోర్టుకి వెళ్లి, గుమాస్తా కిటికీ దగ్గర ఆమె కేసు కట్ట తెప్పించి చూశాడు.

ఎనిమిదో రోజున అందరినీ రొట్టెల కొట్టు పై గదికి పిలిపించాడు. ఒరాలియా వచ్చింది. ఫెర్మీన్ టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. చర్చి తరఫున కేసులు చూసే వకీలమ్మ ఒక మూల కూర్చుంది. కోడిమాంసం దుకాణంలో పనిచేసే యాదీరా అనే అమ్మాయిని నీదియా వెంటబెట్టుకొచ్చింది.

బాత్రెస్ లేచి నిలబడి, దోమితిలా అబద్ధం చెప్పలేదన్నాడు. ఆమె చూసిన పూలూ కొత్త బట్టలూ కోర్టువి కావు, ఆమె కూర్చున్నది పెళ్లిళ్లు రిజిస్టరు చేసే ఆఫీసు వరండాలో. మూడున్నరేళ్లకొకసారి పిలిచే కోర్టు దారి ఎవరికి గుర్తుంటుంది? పైగా వరద అందరినీ చెల్లాచెదురు చేసింది. కోర్టు మారిందంటే ఎవరైనా నమ్ముతారు. నిజానికి కోర్టు అంగుళం కూడా కదల్లేదు.

“ఎందుకు చేశాడంటే,” అన్నాడు, “దోమితిలాకు రక్షణ ఇమ్మని అడిగే దరఖాస్తు ఇతను దాఖలే చెయ్యలేదు. కేసు కట్టలో లేదు, నేను చూశాను. ఆ రోజు ఆమె జడ్జి ముందు నిలబడితే జడ్జి అడిగే మొదటి మాట అదే, ఇతని మోసం అక్కడే బయటపడేది.”

ఫెర్మీన్ కాలు మీద కాలేసుకున్నాడు. “కథ బాగుంది పెద్దాయనా. నేను శాన్ ఆంటోనియోలో ఉన్నా.”

బాత్రెస్ ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు. తెల్ల గౌనులో యాదీరా, పక్కన పెళ్లికొడుకు. వాళ్ల వెనక బల్ల మీద ఎర్రటి పండగ రవికెలో దోమితిలా, ఒళ్లో సంచి. ఆమె మీదికి వంగి కాగితం చూపిస్తున్న తెల్ల టోపీ మనిషి. యాదీరా ఫోనులో ఆ ఫొటో తీసిన తారీకుంది, మార్చి పద్నాలుగు, ఉదయం ఏడూ నలభై.

“టోపీ పెట్టుకున్నవాడల్లా నేనేనా?”

“మీరేనండీ,” అంది యాదీరా. “ఆఫీసు తెరవకముందే ఫొటో దిగుదామని వచ్చాం. కాస్త జరగండి అంటే మీరు జరగలేదు. పెళ్లి ఫొటో పాడుచేశాడని మా అత్త ఇప్పటికీ మిమ్మల్నే తిడుతోంది.”

ఒరాలియా పగలబడి నవ్వింది. “శాన్ ఆంటోనియో చాలా దగ్గరికొచ్చేసిందే,” అంది. ఫెర్మీన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకెంతమంది దరఖాస్తులు అట్లానే పడున్నాయని వకీలమ్మ అడిగింది. బాత్రెస్ ముందే పిలిపిస్తే కింద కొట్టులో కాఫీ తాగుతూ కూర్చున్న జిల్లా దర్యాప్తు అధికారి పైకొచ్చి ఫెర్మీన్‌ను తీసుకెళ్లాడు.

అప్పుడు దోమితిలా మొదటిసారి కుర్చీలో కూర్చుంది. యాదీరా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నీదియా బాత్రెస్ వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే వకీలమ్మ అర్జీకి ఫొటో జతచేసి కోర్టు కిటికీలో ఇచ్చింది. దోమితిలా, బాత్రెస్ పక్కన నిలబడి చూస్తుండగా గుమాస్తా ముద్ర వేశాడు. ఆ అర్జీ మీద తీర్పు వచ్చేదాకా దోమితిలాను ఎవరూ దేశం నుంచి పంపడానికి లేదు. కేసు తెరిచాక విచారణకి ఇంకో రెండేళ్లు పట్టొచ్చని వకీలమ్మ చెప్పింది. “పట్టనీ, నేను వస్తా,” అంది దోమితిలా. బాత్రెస్ ఆమెను కిందికి తీసుకెళ్లి, బస్సు దిగే చోటి నుంచి కోర్టు గది తలుపు దాకా నడిపించాడు. వెనక్కి తీసుకొచ్చి మళ్లీ నడిపించాడు. మూడోసారి ఆమెను ముందు నడవమని, తను వెనక నడిచాడు.