మామయ్య గింజల సీసా

పొద్దున్నే టీకి నీళ్లు పెట్టి అరలోంచి గింజల సీసా తీసిన కోడలికి ఒళ్లు మండిపోయింది. మొన్న ఆదివారం నిండా పోసిన బాదంపప్పులూ అక్రోట్లూ అప్పుడే అడుగంటాయి.

"చూశారా అత్తయ్యా? నెలకి సరిపడా తెచ్చాను. వారం తిరక్కుండానే స్వాహా!"

అత్తగారు కత్తిపీట మీంచి తలెత్తలేదు. "ఆయనకి నోరు కట్టుకోవడం రాదే. పెళ్లైన కొత్తలోనూ అంతే."

మామయ్య గుండెకి వెళ్లే రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందని తెలిసి ఆర్నెల్లయింది. డాక్టరు మాత్రలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, రోజూ గుప్పెడు గింజలు తింటే రక్తనాళాలకి మంచిదన్నాడు. ఆ మాటని కోడలు వేదవాక్కులా పట్టుకుంది. పొద్దున మాత్రలతో పాటు గింజల గిన్నె కూడా మామయ్య చేతికి తనే అందిస్తుంది. ఆ గిన్నె కాక, సీసా మీద ఈ దొంగదాడేమిటి?

విసవిసా ముందుగదిలోకి నడిచింది. ఆ గదే వాళ్ల కుట్టుషాపు. మామయ్య బల్ల మీద కోటు గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ ఉందని కూడా చూడలేదు కోడలు.

"మామయ్యా, ఇవేమన్నా బఠాణీలనుకున్నారా, బొక్కేయడానికి? గుప్పెడంటే గుప్పెడే! మీ ఆరోగ్యం కోసం మేం తలలు బద్దలు కొట్టుకుంటుంటే, మీకు రుచులు కావాల్సొచ్చాయా?"

ఆవిడ "మళ్లీ వస్తాలెండి" అంటూ మెల్లగా జారుకుంది. ఇస్త్రీ చేస్తున్న కొడుకు కూడా అందుకున్నాడు. "ఏంటి నాన్నా, చిన్నపిల్లాడిలా?"

మామయ్య సుద్ద కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది.

"రుచి కోసం కాదమ్మాయ్."

"మరి దేనికి?"

"నొప్పొచ్చినప్పుడు."

"ఏ నొప్పి?"

ఆయన అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఇక్కడ, రాయి పెట్టినట్టు బరువుగా ఉంటుంది. గింజలు నాళాలకి మంచివన్నాడుగా డాక్టరు. నొప్పి రాగానే ఓ గుప్పెడు నమిలి కూర్చుంటే తగ్గుతోంది."

కోడలు చేతిలోని సీసా వైపు చూసింది. ఇది అడుగంటిందనే తిట్టిపోసింది తను. ఖాళీ అయిన ప్రతి గుప్పెడూ ఒక నొప్పి! తగ్గింది గింజల వల్ల కాదు, పని ఆపి కూర్చున్నందుకు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా!" కొడుకు తండ్రి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"చెప్తే కుట్టుమిషను మీంచి దించేస్తారుగా."

ఇస్త్రీపెట్టె ఆపడం, కారు తెప్పించడం, అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కేయడం అన్నీ క్షణాల్లో జరిగాయి. ఆసుపత్రిలో, ఒక నాళం దాదాపు మూసుకుపోయిందని చెప్పి లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, నాళం తెరిచామనీ ఇంకా ఆలస్యం చేసుంటే మనిషి దక్కేవాడు కాదనీ అన్నాడు. "గింజలు మంచివేనమ్మా. మాత్రలతో పాటు తినాలి. నొప్పొస్తే మాత్రం ఇక్కడికే రావాలి."

కోడలు మంచం పక్కన కూర్చుంది. ఏడవకూడదనుకుంది కానీ కళ్లు మాట వినలేదు.

"పరాయి మనిషి ముందు మీ పరువు తీశాను మామయ్యా. నా నోరు పడిపోను."

"పోనీలే. నువ్వు తిట్టబట్టే కదా నోరు విప్పాను," అని ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పైకప్పు వైపు చూస్తూ, భార్యకీ కొడుక్కీ ఎన్నడూ చెప్పని మాట చెప్పాడు.

"నాకు భయమేస్తోందమ్మా."

కోడలు ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది.

"నాకూ భయమే మామయ్యా. ఇకనించి కలిసే భయపడదాం. మీరొక్కరూ దాచుకోకండి."