ఆయుధపూజ నాటి విమానం

"తిప్పన్ననే మేడం! ఆ ముసలోడే మా ఆయన ప్రాణం తీయబోయినాడు!"

హిందూపురంలో డిటెక్టివ్ రమాదేవి ఆఫీసులో కూర్చుని గీతాంజలి ఒకటే అరుస్తోంది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి శివప్రసాద్ భార్య ఆమె. ఆయుధపూజ నాడు శివప్రసాద్ నడుపుతున్న సొంత విమానం, రెండు సీట్లది, పెనుకొండ దగ్గర చేలో కూలింది. పాపం, ఆయన ఎడమకాలు తీసేశారు. మెకానిక్ తిప్పన్న అప్పటికే పోలీసు స్టేషన్లో ఉన్నాడు.

"ఆయన మీదే ఎందుకమ్మా అనుమానం?"

"చిన్న విమానాన్ని ఓనరే రిపేరు చేసుకోవచ్చని రూలు వచ్చినాంక, మా ఆయన తిప్పన్నను మానిపించేసినాడు. కోపం ఉండదా? దండం పెట్టుకుంటానని పండగ పొద్దున విమానం షెడ్డు కాడికి వచ్చినాడు గూడా."

అసిస్టెంటు విజయ్ కుమార్‌కు ఇంకేం కావాలి? కేసు తేలిపోయిందనుకున్నాడు. రమాదేవి మాత్రం గీతాంజలిని కూడా ఎక్కించుకుని కారు పెనుకొండకు తీయమంది.

విమానం చేలో అలాగే పడి ఉంది. రెక్కలకు, చక్రాలకు, పెట్రోలు ట్యాంకు మూతకు, ఎక్కడ చూసినా గంధం, కుంకుమ. రమాదేవి మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. ట్యాంకు దాదాపు నిండుగా ఉంది.

"పూజ ఎవరు చేసినారమ్మా?"

"నేనే. ఇంట్లో మగ్గాలకు పెట్టినట్టే దీనికీ పెట్టినా. ఒక్క మూల వదల్లేదు మేడం."

రమాదేవి ముఖం వాడిపోయింది. ఆమెను అలా చూడ్డం విజయ్‌కి ఇదే మొదలు.

సాయంత్రం పుట్టపర్తి ఆసుపత్రిలో శివప్రసాద్ మంచం చుట్టూ అందరూ చేరారు. ఎస్సై తిప్పన్నను కూడా తీసుకొచ్చాడు.

"ఎవరూ చంపాలనుకోలేదు," అంది రమాదేవి. "ట్యాంకు మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. గంధం ఆరి దాన్ని మూసేసింది. గాలి లేక పెట్రోలు దిగలేదు, ఇంజన్ ఆగిపోయింది."

గీతాంజలి తన చేతులు చూసుకుని ఘొల్లుమంది. తిప్పన్న ముఖం చూడాలంటే విజయ్‌కి సిగ్గేసింది.

"ఎగిరే ముందు అంతా చూసుకోవాల్సింది మీరే కదా శివప్రసాద్ గారూ. మూత మీది గంధం మీకు కనపడలేదా?" అంది రమాదేవి.

ఆయన భార్య వైపు చూడకుండా చెప్పాడు. "కనపడింది మేడం. పండగ పూట, ఆమె పెట్టిన బొట్టు. తుడవనీకె చెయ్యి రాలేదు. ఒక్క చుట్టే గదా అనుకుంటి."

"మరి తిప్పన్నను పట్టుకపోతాంటే ఎందుకు మాట్లాడలేదు?"

"చెప్తే ఈమె బతికినన్నాళ్ళూ కుమిలిపోతాదని..."

గీతాంజలి ఏడుపు ఆపేసింది. "నేను ఏడవకూడదని ఆయప్పను జైలుకు పంపిస్తారా? ఒక్క మాట చెప్పింటే ఆ బొట్టు నేనే తుడిచేదాన్ని గదా!"

శివప్రసాద్ తలెత్తి, "తిప్పన్నా" అని పిలిచాడు.

ఎస్సై వదిలేసిన తిప్పన్న అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.