పక్కచూపు

కవిటి దాటి సముద్రం వైపు వెళ్ళే బండిబాట పక్కన జోగారావుకి పెద్ద కొబ్బరితోట ఉండేది. ఇంట్లో దేనికీ లోటు లేదు. అతని మనసుని పురుగులా తొలిచేది ఒక్కటే. పలాసలో ఫొటోలు తీసే బైరాగి పేరు.

ఉద్దానం పల్లెల్లో ఎవరింట పెళ్ళైనా బైరాగికే కబురు వెళ్ళేది. అది చూడలేక జోగారావు కలకత్తా నుంచి రైల్లో ఒక కెమెరా తెప్పించుకున్నాడు. వెలుగు ఎంత ఎక్కువుంటే బొమ్మ అంత బాగా వస్తుందనుకుని మనుషుల్ని నడినెత్తి ఎండలో నిలబెట్టేవాడు. కళ్ళుండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు పడేవి. పెదనాన్న తన ఫొటో చూసుకుని, "బతికున్నోణ్ణి పుర్రెని సేసినావురా" అన్నాడు. నలుగురూ నవ్వారు. జోగారావు నవ్వలేదు.

అన్నిటికన్నా పెద్ద ముల్లు అతని ఇంట్లోనే ఉంది. పెళ్ళైన కొత్తలో బైరాగి తీసిన భార్య రమణి ఫొటో సావిట్లో వేలాడుతోంది. అందులో రమణి నవ్వుతోంది. పెళ్ళాం ముఖాన ఆ నవ్వు జోగారావు ఏనాడూ చూడలేదు. ఎవరూ లేనప్పుడు దాని ముందు నిలబడి, ఆ నవ్వు ఎవరి కోసమని తనలో తాను కుమిలిపోయేవాడు.

ఒక ఏడు వానలకి ముందు కలరా వచ్చింది. బైరాగి పోయాడు. ఆ కబురు విన్న పూట జోగారావు మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

కర్మకాండ కాగానే పలాస వెళ్ళి బైరాగి భార్య చిన్నతల్లిని కెమెరా ఇమ్మని అడిగాడు. ఆమె తలెత్తకుండానే కెమెరా, స్టాండు, తల మీద కప్పుకునే నల్లగుడ్డ తెచ్చి పెట్టింది.

"పట్టుకుపొండి బాబూ. ఆయన మాత్రం దాన్నొదిలి ఉండనేడు" అంది.

పోయినవాడి గురించి ఇంకా ఉన్నట్టే అన్నదేమిటని జోగారావుకి అప్పుడు తోచలేదు. నల్లగుడ్డ లవంగాల వాసన వేస్తోంది. బైరాగి బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది.

ఆ కెమెరా వచ్చాక అతని చేయి తిరిగింది. ఎండ వాలాక కొబ్బరినీడలో కూర్చోబెడితే ముఖం మెత్తబడుతుందని, పక్కన తెల్లపంచె కడితే దాని వెలుగు చెంప మీద పడి కళ్ళు తేరుకుంటాయని ఒక్కొక్కటే పట్టుబడింది. ఎవరూ నేర్పలేదు. చెయ్యే అటు పోయేది. జనం మెచ్చుకున్నారు. "అచ్చం బైరాగి తీసినట్టే ఉంది" అన్నారు. ఆ మాటతో మెప్పంతా చేదయిపోయింది.

అప్పుడు ఆ ఫొటోలన్నీ వరసగా పరిచి చూశాడు. ఒక్కరూ కెమెరాకేసి చూడటం లేదు. అందరి కళ్ళూ దానికి కాస్త కుడి పక్కకి, ఒక మనిషి ముఖం ఉండే ఎత్తుకి తిరిగి ఉన్నాయి. అందరూ చనువుగా నవ్వుతున్నారు.

మర్నాడు పొద్దువాలే వేళ రమణిని తోటలో పీట మీద కూర్చోబెట్టాడు. నల్లగుడ్డలో తల దూర్చాడు. కెమెరా వెనక గాజు మీద రమణి తలకిందులుగా కనబడింది. బిగుసుకుని కూర్చుంది. గాలికి ఎండుమట్టలు గీసుకుంటున్నాయి. దూరంగా సముద్రం హోరు. గుడ్డలో లవంగం వాసన... పాతది కాదు. అప్పుడే కొరికినట్టు ఘాటుగా ఉంది.

గాజులో రమణి కళ్ళు కదిలాయి. నెమ్మదిగా... కుడి పక్కకి. పెదవులు విడివడ్డాయి. అదే నవ్వు.

జోగారావు ఫొటో పలక దూర్చి, మూత తీసి బొమ్మ పట్టాడు. గుడ్డ విసిరి బయటికొచ్చాడు. పక్కన ఎవరూ లేరు.

"ఎవుల్ని సూత్తన్నావు?"

"మిమ్మల్నే" అంది రమణి. "ఇటు సూడన్నారు గదా."

"నాను గుడ్డలో ఉన్నాను. నానేటీ అన్లేదు."

రమణి ముఖం పాలిపోయింది. చెవి తడుముకుంటూ గొణిగింది. "మరి... నా సెవి దగ్గరే అన్నారు."

జోగారావుకి భయం కన్నా ముందు కడుపులో మంట లేచింది. చచ్చి కూడా నా పెళ్ళాన్ని వదలడా అనుకున్నాడు. పలక తీసుకుని వెనకింటి చీకటిగదిలో దూరి తలుపు వేసుకున్నాడు. ఎర్రదీపం వెలిగించి పలకని మందునీళ్ళలో వేశాడు. పళ్ళెం మెల్లగా ఊపుతుంటే పీట తేలింది. చీర తేలింది. ముఖం ఇంకా రాలేదు. ఇక రాదనుకుని పలక తీసేయబోయాడు.

మెడ మీద చల్లటి ఊపిరి.

"ఇంకాసేపు ఉంచు..."

గుసగుస. నెమ్మదిగా, పని నేర్పేవాడి గొంతుతో. జోగారావు చెయ్యి పళ్ళెం మీదే ఆగింది. లవంగం కొరికిన చప్పుడు.

"ఇప్పుడు తియ్యి."

పళ్ళెం తన్నేసి తలుపు తోసుకుని బయటపడ్డాడు.

తెల్లవారగానే కెమెరా, స్టాండు, నల్లగుడ్డ మూటకట్టి, రాయి కట్టి, తెప్ప మీద వేటకెళ్ళే దాలయ్య చేతికిచ్చాడు. లోతుచూసి పడేయమన్నాడు. సావిట్లో ఫొటో కూడా ఆ మూటలోనే పెట్టాడు. తెప్ప తిరిగొచ్చేదాకా ఒడ్డునే కూర్చున్నాడు. మునిగిపోయిందని దాలయ్య చెప్పాక గానీ లేవలేదు. ఇక రమణి తనదేనని గుండె తేలికపడి ఇంటికొచ్చాడు.

ఇంట్లో రమణి లేదు.

తోటలో ఉంది. పెళ్ళిచీర కట్టుకుని, జడలో మొగలిరేకు తురుముకుని పీట మీద కూర్చుంది. ఎదురుగా ఏమీ లేదు. ఉత్త ఇసక.

జోగారావు పిలవబోయాడు. కొబ్బరిచెట్టు దగ్గరే ఆగిపోయాడు.

రమణి గడ్డం కాస్త కిందికి దించింది. ఇంకొంచెం దించింది. ఎవరో చెబుతుంటే సర్దుకున్నట్టు చెంప మీది వెంట్రుక చెవి వెనక్కి తోసుకుంది. నవ్వింది. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండిపోయింది.

తర్వాత మెల్లగా, "అయిపోనాదా?" అని అడిగింది.

ఏదో విని, తల ఊపి, పీట మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.