కాకి ముట్టని కూడు

లేపాక్షి అవతల, రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డుకు మంచి పేరు లేదు. చీకటి పడితే లోపల గుండె కొట్టుకుంటుందనేవారు. దబ్... దబ్... మనిషి మాత్రం కనబడడు.

ఒకప్పుడు అందులో పట్టుపురుగులు పెంచేవారు. అవి మల్బరీ ఆకు తింటుంటే వాన పడుతున్నట్టుండేది. వాన లేని ఊళ్లో ఆ చప్పుడు కోసమే నేను వెళ్లి నిలబడేవాణ్ని. సరే, అది వేరే కథ. 2009 నాటికి బెంగుళూరు వాళ్లెవరో అక్కడ ల్యాబు పెట్టారు.

ఇది నాకు కదిరమ్మ చెప్పింది.

ఆమె మొగుడు ఆదెప్ప గొర్రెల కాపరి. జబ్బున పడ్డప్పుడు, ఆ ల్యాబులో పనిచేసే ఆమె అక్క కొడుకు చైతన్య, పరీక్షకని చేతి మీద గోరంత చర్మం కోసుకుపోయాడు. ఆదెప్ప దక్కలేదు. మనిషి మట్టిలోకి నిండుగా పోవాలని కదిరమ్మ ఆ తునక అడిగింది.

"గుంతలో వేసేసినాలే చిన్నమ్మా," అన్నాడు చైతన్య.

దినాల నాడు కూడు పెడితే, కాకి ముట్టలేదు.

"ఏం కోరిక తీర్చకుండా పంపినావే మా అన్నను?" అంది ఆడబిడ్డ, అందరి ముందరే. ఆ గుంపులో చైతన్యా ఉన్నాడు... తల వంచుకుని. ఆనాటి నుంచి ఊరంతా కదిరమ్మను అదే చూపు చూసింది.

ఒక రాత్రి, తప్పిపోయిన గొర్రెను వెతుకుతూ షెడ్డు దాకా వచ్చింది.

దబ్... దబ్...

తలుపు తట్టింది. తీసింది చైతన్య.

"ఏందప్పా ఆ సప్పుడు?"

"దెయ్యం కాదులే చిన్నమ్మా," నవ్వాడు. "పళ్లెంలో గుండె కండ పెంచినాం. మనుషులకు ఇయ్యకముందు మందులు దాని మీద చూస్తాం. అది కొట్టుకుంటే మిషను అరుస్తాది."

"కండ యాడిది?"

"చర్మం నుంచే చేస్తా..." ఆగిపోయాడు.

"ఎవురి చర్మం?"

నేను కాలేజీలో కప్ప గుండె కోసి గిన్నెలో పెడితే, విడిగా కూడా కొట్టుకునేది. కాసేపు. కాసేపే.

"చిన్నాయనది."

దబ్... దబ్...

"గుంతలో వేస్తినంటివే," అంది కదిరమ్మ. "కాకి ముట్టలేదని అందరూ నన్ను ఆడిపోసుకుంటాంటే... ఈడ కొట్టుకుంటాండాదని తెలిసీ నోరు మూసుకొని కూకుంటివే! నా చేతి కూడు తిన్నోడివి!"

కదిరమ్మ కొంగు చాపింది.

"ఇచ్చెయ్. పూడుస్తా."

"ఇది ఇస్తా చిన్నమ్మా... కానీ దీన్నుంచి ఇంకా పెంచినారు. బెంగుళూరికి, మద్రాసుకు, పై దేశాలకు పంపినారు."

కదిరమ్మ లోపలికి నడిచి, ఆ పళ్లెం ముందు నిలబడింది.

"అయితే... యా ఊరి కాకులకు పెట్టల్లప్పా, కూడు?"