వంక లేని దీవి

"గొడుగు బయట! గొడుగు బయట పెట్టండి!"

ఆ అరుపుకి వాన కూడా ఒక్క క్షణం ఆగే ఉంటుంది. ఆమె మాత్రం ఆగలేదు, నేరుగా బల్ల దాకా వచ్చేసింది. అతను పొద్దుటి నుంచి విప్పి, తుడిచి, వరసగా పేర్చుకున్న రెగ్యులేటర్ ముక్కల మీద గొడుగు నీళ్లు టపటపా రాలాయి.

"ఏంటండీ ఇది? చూసుకోవద్దా?"

"ఇది నీళ్ల కింద ఊపిరందించే మిషనేగా?"

"అవును."

"సముద్రంలో ముంచితే ఏమీ కాదు గానీ, గొడుగు నీళ్లకి జలుబు చేస్తుందా?"

విప్పి ఉన్నప్పుడు లోపలి భాగాలకి తడి తగలకూడదని వివరించవచ్చు. కానీ ఆమె అప్పటికే చేతిరుమాలు తీసి బల్ల తుడవడం మొదలుపెట్టింది, తుడవకూడని గుడ్డతో, తుడవకూడని చోట. అతను వద్దనడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు.

స్కూబా డైవింగ్ సామాన్లు అమ్మే, బాగుచేసే దుకాణం అది. ఏ దీవిలో ఏ స్కూలు బాగుంటుందో చెప్పి, నేర్చుకునేవాళ్లని పంపడం కూడా అక్కడి పనే. దుకాణం అతను ఓనరక్క అని పిలిచే ఆవిడది. అతనికి అందరూ పెట్టిన పేరు ఒడ్డు. చిన్నప్పుడు చీము పట్టి అతని ఎడమ చెవిలో కర్ణభేరికి చిల్లు పడింది. లోతు నీళ్లలోకి దిగొద్దని డాక్టర్లు తేల్చేశారు. ఎవరెవరో తొడుక్కుని దిగే సామాన్లని బాగుచేసి పంపుతాడు, తను ఒడ్డునే ఉంటాడు. ఆ పేరు సరదాకే పెట్టారు, అతనూ సరదాగానే పలుకుతాడు. దుకాణం మీది గదికి వెళ్లాకే అది గుచ్చుకుంటుంది. అక్కడ ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీ మీద కూడా బట్టలు ఉంటాయి కాబట్టి నిలబడే తింటాడు.

"నేను పిల్లలకి ఈత నేర్పుతా," అందామె. "మా పూల్ మరమ్మతులకి మూసేస్తున్నారు. ఈ సీజనంతా సెలవే, ఇలాంటిది మళ్లీ రాదు. డైవ్‌మాస్టర్ ట్రైనింగ్ చేసెయ్యాలి. వెచ్చటి సముద్రం ఉన్న మంచి చోటు చెప్పండి."

డైవ్‌మాస్టర్ అంటే నలుగురిని వెంటబెట్టుకుని సముద్రంలోకి తీసుకెళ్లి, క్షేమంగా పైకి తెచ్చే మనిషి. ఆ చదువుకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం అతను చూడలేదు. అక్కడే పని దొరికి ఉండిపోతారు. అప్పుడప్పుడు ఫోటోలు పంపిస్తారు, అంతే.

గోడ మీది మ్యాపులో ఒక దీవి చూపించాడు. "ఇది బాగుంటుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి. కానీ..."

"కానీ?"

"జనం ఎక్కువ. చేపల కన్నా మనుషులే ఎక్కువ కనబడతారు."

"అయితే ఇంకోటి చూడండి. రేపొస్తా."

ఆమె వెళ్లిపోయింది. అప్పుడతనికి ఒక సంగతి తట్టింది. 'కానీ' అంటే ఆమె రేపు మళ్లీ వస్తుంది!

ఇక చూసుకోండి. మర్నాడు రెండో దీవికి జెల్లీఫిష్ బాధ వచ్చింది. మూడో దీవిలో నీటి ఒరవడి మరీ ఎక్కువైంది. ఆ తర్వాతి దానికి ఎంత వెతికినా లోపం దొరకక చెమటలు పట్టాయి.

"చెప్పండి, దీనికేం రోగం?" అంది, బల్ల అంచు మీద మోచేతులు ఆనించి.

"అక్కడ... కాఫీ బాగోదు."

"కాఫీనా?"

"రోజూ పొద్దున్నే తాగాలి కదండీ. చాలా ఇబ్బంది."

ఆమె పెదవులు బిగించి, ఎంతో గంభీరంగా తలూపింది. "నిజమే. ఘోరమైన సంగతి. రేపొస్తా."

అలా వానాకాలం సగం గడిచిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఆమెకో స్టూలు ప్రత్యేకంగా వచ్చి చేరింది. సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ మోత మధ్య ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకునేవారు. మోత ఆగగానే ఇద్దరికీ మాటలు ఆగిపోయేవి.

"నువ్వెన్నిసార్లు దిగావు?" అని ఒకరోజు అడిగింది.

"ఒక్కసారి కూడా లేదు." చెవి సంగతి చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"నేనెందుకు దిగాలనుకుంటున్నానో తెలుసా? అక్కడ జత లేకుండా ఎవరినీ దిగనివ్వరు. దిగేముందు నీ జత నీ గాలి చూడాలి, నీ బెల్టులు చూడాలి. ఇక్కడ నేను హాస్టల్‌కి చేరానో లేదో అడిగే మనిషి లేడు. అన్నయ్య ఫోన్ చేస్తాడు, డ్రైవింగ్ చేస్తూ. నేను ఒక మాట అనేలోపు వాడి ఇల్లు వచ్చేస్తుంది."

చేతిలో ఉన్న కవాటాన్ని తుడిచిందే తుడిచాడు. ఇంత ఒంటరి మనిషిని పట్టుకుని వంకలు చెబుతూ ఆపుతున్నానే అని మొదటిసారి సిగ్గుపడ్డాడు. అయినా మర్నాడు ఇంకో దీవిని కొట్టేశాడు. ఆమె లేని సాయంత్రం ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు మరి.

చివరికి ఓనరక్కే పట్టుకుంది.

"ఏరా ఒడ్డూ, ఆ టీచరమ్మాయికి ఇంకా చోటు కుదర్లేదా? పెళ్లికొడుకుని వెతికినట్టు వెతుకుతున్నారేంట్రా?"

"అన్నిటికీ ఏదో ఒకటి ఉందక్కా."

"నేను ఇన్నేళ్లుగా ఆ దీవులకే పంపుతున్నా. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. వంక లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట!" అక్క గొంతు తగ్గించింది. "ఒరేయ్, నీకు ఆమె కావాలి. తప్పు లేదు. కానీ వచ్చే వారంతో అన్ని స్కూళ్లలో సీట్లు మూసేస్తారు. ఆ తర్వాత ఆమె పూల్ తెరిచేస్తారు. ఆ పిల్ల కోరిక నీ సాయంత్రాల కింద పడి నలిగిపోతుంది. అది ఆలోచించు."

అతను లేచి మ్యాపు ముందు నిలబడ్డాడు, ఇన్నాళ్లూ వేలు పెట్టకుండా దాటేసిన దీవిని చూస్తూ.

సాయంత్రం ఆమె రాగానే, మ్యాపులో అన్నిటికన్నా దూరంగా ఉన్న దీవి మీద వేలు పెట్టాడు. "ఇది. చిన్న స్కూలు. నేర్పే పెద్దాయనకి ఓపిక ఎక్కువ. పొద్దున నీళ్లు నిశ్చలంగా ఉంటాయి, మధ్యాహ్నం అవే నీళ్లు లాగేస్తుంటాయి. రెండు రకాల సముద్రమూ ఒక్కచోటే నేర్చుకోవచ్చు. నీకు దీన్ని మించింది లేదు."

ఆమె ఎదురుచూసింది. "కానీ?"

"కానీ ఏమీ లేదు. మిగతావాటికి కూడా ఏమీ లేదు. అన్నీ అబద్ధాలే చెప్పాను."

"తెలుసు."

"తెలుసా?"

"కాఫీ బాగోదన్నావే, ఆ రోజే తెలిసింది. మ్యాపులో నీ వేలు తప్పించుకు తిరుగుతున్న ఈ దీవికే ఆ సాయంత్రం రాసుకున్నా. సీటొచ్చింది. ఎల్లుండి ప్రయాణం."

అతనికి తిక్క రేగింది. "మరి రోజూ ఎందుకొచ్చావ్? నన్ను ఆట పట్టించడానికా?"

"నాకోసం ఒక మనిషి కూర్చుని అబద్ధాలు తయారుచేస్తున్నాడు. అంత శ్రద్ధగా నన్నెవరూ పట్టించుకోలేదు. వినడానికి వచ్చా." లేచి గొడుగు తీసుకుంది, కదల్లేదు. "ఇంకేమైనా చెప్పాలా?"

చెప్పాలి. ఉండిపొమ్మంటే ఆమె ఉండిపోతుందేమోనని భయం వేసింది. ఉండదేమోనని అంతకన్నా ఎక్కువ భయం వేసింది. ఆ రెండు భయాల మధ్య మన ఒడ్డు ఏమన్నాడో తెలుసా?

"చెవులు జాగ్రత్త."

"అంతేనా?"

"అంతే."

ఆమె వెళ్లిపోయింది. కుంభవృష్టిలో గొడుగు విప్పడం కూడా మరిచిపోయింది.

తర్వాతి వారాలు చెప్పుకోవడానికి ఏమీ లేనివి. స్టూలు బల్ల పక్కనే ఉంది, ఎవరైనా కూర్చోబోతే అతను ఏదో ఒక వంకతో దాని మీద సామాను పెట్టేవాడు. కంప్రెసర్ ఆగినప్పుడల్లా దుకాణంలో నిశ్శబ్దం మరీ పెద్దదైపోయేది. గదిలో తనతో తనే మాట్లాడుకోబోయి, తన గొంతు తనకే కొత్తగా వినబడి ఊరుకునేవాడు. ఆమె ఒక్క ఫోటో కూడా పంపలేదు. ఆమెకి కోపం ఉండడం న్యాయమేననిపించి, అతనూ ఏమీ రాయలేదు.

అతన్ని పెంచిన పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, గొంతేంటి అలా ఉంది?"

"జలుబు పిన్నీ."

"జలుబు పేరేంట్రా?"

అతను తట్టుకోలేకపోయాడు, మొత్తం చెప్పేశాడు. ఆవిడ అంతా విని, "అయితే నువ్వే వెళ్లు," అంది.

"నేను నీళ్లలోకి దిగలేను కదా పిన్నీ."

"నిన్ను దిగమని ఎవడన్నాడ్రా? ఆ అమ్మాయి ఉన్నది దీవిలోనేగా? దీవంటే చుట్టూ ఒడ్డే కదరా మొద్దు! నిలబడడానికి జానెడు చోటు దొరకదా? ముందెళ్లి అడుగు. ఆ తర్వాత నాకు చూపించు."

ఆ మాట అతని బుర్రలో ఇన్నాళ్లూ ఎందుకు మొలవలేదో మనకి తెలియదు. ఆ స్కూలుకి ఉన్నదున్నట్టు రాశాడు: నీళ్లలోకి దిగలేను, సామాన్లు ఏవైనా బాగుచేయగలను. సముద్రం మధ్యలో చెడిపోయిన రెగ్యులేటర్‌ని బాగుచేసేవాడు దొరకడమే గగనమని, వెంటనే రమ్మని జవాబొచ్చింది. ఓనరక్క సణుగుతూనే తన మంచి స్క్రూడ్రైవర్ల పెట్టె ఇచ్చి పంపింది.

దీవికి చేరాక మొదటి పొద్దునే పడవ నడిపే తాత అతన్ని ఎక్కించుకున్నాడు. ట్రైనింగులో భాగంగా ఆమె తీసుకెళ్లే బృందం వేరే పడవలో ముందే వెళ్లి దిగిపోయిందనీ, పైకొచ్చాక తమ పడవే ఎక్కుతుందనీ చెప్పాడు.

"నీ పని బుడగలు చూడ్డం," అన్నాడు తాత. "కిందున్నవాళ్ల ఊపిరి అలా పైకొస్తుంది. బుడగలు ఎటు పోతే పడవ అటు. రెప్ప వెయ్యకు."

చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేదు. అంత ఒంటరిగా అతను ఎప్పుడూ లేడు. తాత ఇంజన్ దగ్గర కునుకు తీస్తున్నాడు, బుడగలు జరిగాయని చెబితేనే లేచి పడవ తిప్పుతున్నాడు. అతను మాత్రం పడవ అంచున వంగి, నీటి మీద తెల్లగా విచ్చుకుంటున్న బుడగలని చూస్తూ ఉన్నాడు. అందరికన్నా ముందు సాగుతున్న బుడగలు ఆమెవేనని తాత ముందే చెప్పాడు. అవి కాసేపు కనబడకపోతే లేచి నిలబడి వెతికేవాడు, మళ్లీ కనబడితే నవ్వొచ్చేది. ఆమె ఊపిరి తీస్తున్న సంగతి ఈ ప్రపంచంలో తనొక్కడికే తెలుస్తోందనిపించి కళ్లు చెమ్మగిల్లాయి.

ఆమె తల నీళ్ల మీదికి తేలింది. వెనకే శిష్యులు నలుగురూ తేలారు. మాస్క్ పైకెత్తి పడవలోకి చూసి, ఆమె నీళ్లు మింగింది.

"నువ్వా! ఎవరినడిగి వచ్చావ్?"

"ఎవరినీ అడగలేదు. ఇక్కడికొచ్చాక నిన్నే అడుగుదామనుకున్నా."

"ఏమని?"

ఈసారి ఆపుకోలేదతను. "నువ్వంటే నాకు ప్రాణం. ఆ రోజు చెప్పే ధైర్యం లేకపోయింది. నీతో కిందికి రాలేను. కానీ నువ్వు రోజూ దిగుతావు, రోజూ పైకొస్తావు. వచ్చినప్పుడల్లా ముందు నా మొహమే చూడ్డం నీకు ఇష్టమేనా?"

శిష్యులు నలుగురూ తేలుతూనే చెవులు రిక్కించారు. తాత కునుకు మానేశాడు. ఆమె మొహం అంతా తడిగానే ఉంది కాబట్టి ఏది ఉప్పునీరో, ఏది కన్నీరో ఎవరికీ తెలియలేదు.

"ఇన్నాళ్లూ పైకొచ్చినప్పుడల్లా ఎవరి మొహం కోసం వెతికాననుకున్నావ్?" అంది కోపంగా. "ఇష్టమే. ముందా నిచ్చెన వెయ్యి, పిల్లలు వణుకుతున్నారు."

అతను నిచ్చెన వేసి, ఆమెకి చెయ్యి అందించాడు. ఆమె మాత్రం శిష్యులు నలుగురినీ ఒక్కొక్కరిగా ఎక్కించి, ఆఖర్న వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.