నాలుగు పాలబండ్లు

మేడమీదావిడ ఏమందంటే, కింది వాటాలో నర్సమ్మగారికి రెండో బాల్యం వచ్చిందట. పొద్దస్తమానం బొమ్మ కార్లు ముందేసుకుని వాటి పొట్టలు తిరగేసి చూస్తుందట. ఒక్కోసారి వాటితో మాట్లాడుతుందట కూడా. ఈ సంగతి ఆవిడ ఇస్త్రీ బండి దగ్గర చెప్పింది. ఇస్త్రీ చేసే ఆవిడ దాన్ని మడత నలగకుండా తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. కోడలు టీ కప్పుతో పాటు భర్తకు అందించింది. దారిలో ఎవరి చేతి చలవో గాని, అతని దగ్గరికొచ్చేసరికి దానికి "డాక్టరుకు చూపిస్తున్నారట" అనే ముక్క కూడా అతుక్కుని ఉంది.

అతను కప్పు తాగకుండానే కింద పెట్టాడు. బీమా కంపెనీలో పనిచేసేవాడికి ప్రమాదం జరక్కముందే కళ్లకు కడుతుంది.

"ఇందుకేనా నేను మొత్తుకునేది? నలుగురి నోళ్లలో నానాల్సొచ్చింది."

"నలుగురు కాదులెండి, ఇప్పటికి ఇద్దరే," అంది కోడలు. "అయినా పిల్ల మంచం మీద బోర్లా పడుకుని చదువుతోంది. మెడ వంకరపోయేలా ఉంది. ఆ గదిలో రాతబల్ల పట్టాలంటే అత్తయ్య కార్ల అలమర కదలాల్సిందే."

ఆ పక్క గదిలో అత్తయ్య నర్సమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ప్రసూతి వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒడిలో తుండుగుడ్డ, గుడ్డ మీద బొటనవేలంత పాలబండి. పోతపోసిన లోహం, పైన తెల్ల రంగు, పాతదైనా ఎక్కడా పెచ్చులూడలేదు. పాత సామాన్లవాడి దగ్గర బేరమాడి తెచ్చుకుంది.

"నానమ్మా, ఈ బండి నీ దగ్గర ఉందిగా," అంది మనవరాలు జడ వేసుకుంటూ.

"అది ఉంది. ఇది లేదు."

"రెండూ ఒకటేగా!"

"ఒకటే అయితే నాకేం పట్టింది? దాని చక్రాలు బూడిద రంగు. ఇంకోదానివి నలుపు. మూడోదాని కిటికీలకు ఆకుపచ్చ అద్దం. దీని అడుగు చూడు, అక్షరాలు పక్కకు ఒరిగాయి. పాత అచ్చు అరిగిపోయుంటుంది, కొత్తది చెక్కారు. చెక్కినవాడికి ఆ పూట నిద్ర సరిపోలేదు."

మనవరాలు కిసుక్కున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. భూతద్దం కిందికి మళ్లీ వంగింది.

ఆ పొద్దున నర్సమ్మకు కళ్ల పరీక్ష ఉంది. కోడలు తోడు వెళ్లింది. మనవరాలు బడికి పోయింది. కొడుకు సెలవు పెట్టాడు, ఇల్లు సర్దాలన్నాడు.

అతను చెడ్డవాడేం కాదు. పామూ చావకుండా, కర్రా విరక్కుండా ఒక దారి ఆలోచించాడు. అలమర తెరిచి చూస్తే ఒక్కో కారు మూడేసి, నాలుగేసి ఉన్నాయి. ఒకేలాంటివి అన్నన్ని ఎందుకు? రకానికి ఒకటి ఉంచితే అమ్మ మనసూ నిలుస్తుంది, గదిలో చోటూ మిగులుతుంది. అందులోనూ పెచ్చులూడనివి చూసి ఏరాడు. ఏరినవాటిని తడిగుడ్డతో తుడిచి, గోడకు చిన్న చెక్కపలక కొట్టి, దాని మీద ముచ్చటగా వరస పెట్టాడు. మిగతావి అట్టపెట్టెలో వేసి వీధి మలుపులోని పసిపిల్లల బడికి ఇచ్చొచ్చాడు. ఖాళీ అలమరను వెనక వరండాలోకి లాగి, దాని చోట బల్ల వేశాడు. వేసి, కాస్త దూరం జరిగి చూసుకుని మురిసిపోయాడు.

కంట్లో మందు వేసినందుకు నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది నర్సమ్మ. అంతా మసక. గదిలోకి రాగానే మోకాలికి బల్ల తగిలింది. ఆగింది. చెయ్యి చాపి గోడ తడిమితే పలక దొరికింది. పలక మీద ఒక్కొక్క కారునూ వేలితో నిమురుకుంటూ వెళ్లి, పాలబండి దగ్గర నిలబడిపోయింది. చక్రాన్ని గోటితో తిప్పి చూసింది. దాని పక్కన తడిమింది. ఖాళీ. ఆ పక్కన తడిమింది. అక్కడ అంబులెన్సు తగిలింది.

"మిగతావేవీ?"

"అమ్మా, నువ్వు కూర్చో ముందు. అన్ని రకాలూ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. ఒకేలాంటివి మాత్రం..."

"మిగతావేవీ అంటున్నాను."

"పిల్లల బడికిచ్చాను. ఆడుకుంటారు పాపం. నీకు రకానికి ఒకటి ఉంచాగా!"

నర్సమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"నువ్వు పుట్టిన రోజు వార్డులో ఉయ్యాలల నిండా పిల్లలేరా. అందరూ ఎర్రగా, ముడతలు పడి, ఒకే రాగం తీస్తున్నారు. రకానికి ఒకటి చాలనుకుంటే నిన్ను అక్కడే వదిలేసి వచ్చేదాన్ని."

కోడలికి నవ్వొచ్చి, దాన్ని దగ్గు కింద మార్చుకుంది. కొడుకు ముఖం కందింది.

"మాటలకేం, బాగానే ఉంటాయి! వీధంతా ఏమనుకుంటోందో తెలుసా? నీకు మతి చలించిందంటున్నారు. నా పరువు సంగతి సరే, పిల్ల చదువు సంగతైనా ఆలోచించవా?"

"పిల్లకు బల్ల కావాలి, వేయాల్సిందే. ఆ మాట నన్నడిగితే చోటు నేనే చూపించేదాన్ని. హాల్లో నీ ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద తడిబట్టలు తప్ప ఎవరూ ఎక్కిన పాపాన పోలేదు. అది కదలదు గాని నా అలమర కదిలిందా?"

అతను హాల్లోకి తొంగి చూశాడు. ఆవిడ అప్పటికే గుమ్మం దిగుతోంది.

"అత్తయ్యా, కళ్లు కనబడవు, ఆగండి!" కోడలు చెప్పులు వేసుకుంటూ వెనక పరిగెత్తింది.

దారిలో కొట్టు దగ్గర నర్సమ్మ ఒక సంచీ నిండా ప్లాస్టిక్ కార్లు కొంది. బడి వెనక ఇసకలో పిల్లలు గుంపుగా కూర్చుని ఉన్నారు. ఒకడు లారీని గోతిలో పూడుస్తున్నాడు. ఒక పాప పాలబండి మూతిని తీరిగ్గా చప్పరిస్తోంది.

"లోపలికి రండమ్మా," అంటూ ఎదురొచ్చిన టీచరు సంగతి వినగానే మొహం చిట్లించింది. "ఇచ్చినవి మళ్లీ పిల్లల దగ్గర లాక్కుంటారా? బాగుంటుందా అండీ, పెద్దవారు?"

"బాగుండదు. అయినా తీసుకుంటాను. ఇచ్చింది నేను కాదు." నర్సమ్మ ఇసకలో చతికిలబడింది. "పాతకాలం రంగులమ్మా ఇవి. సీసం కలిసుంటుంది. నోట్లో పెట్టుకునే వయసు వీళ్లది. ముందు చేతులు కడిగించండి. ఇవిగో, వీటితో ఆడుకోనివ్వండి."

టీచరు గతుక్కుమంది. "అయ్యో, అందుకా పాపం మీరు ఇంత ఎండలో పరిగెత్తుకొచ్చింది!"

"సీసం సంగతి తోవలో గుర్తొచ్చింది. బయల్దేరింది మాత్రం నా కార్ల కోసమే."

కోడలు అత్తగారి వైపు చూసింది. ఒప్పుకుంటే పోయేదానికి ఈ మనిషి ఎందుకిలా అడ్డం తిరుగుతుందో! అనుకుంటూనే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తనూ ఇసకలో కూర్చుంది. ఆవిడ కళ్లకు ఏదీ ఆనడం లేదు. కోడలు ఒక్కోటి తవ్వి తీసి చెప్పసాగింది.

"పాలబండి. చక్రాలు నలుపు అత్తయ్యా."

"వెయ్యి సంచీలో."

"ఇంకోటి. దీనివి... నలుపు కాదు, బూడిద రంగు. అవునూ, ఈ చక్రం అంచు కూడా వేరేగా ఉందే!"

"ఇన్నాళ్లకు చూశావు," అంది నర్సమ్మ. గొంతులో కోపం కొంచెం దిగింది.

ఆకుపచ్చ అద్దాలది ఆఖర్న దొరికింది. ఒకవైపు అద్దం పగిలిపోయింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ట్రెడ్‌మిల్ వీధి వరండాలోకి వచ్చేసింది. హాల్లో దాని చోట రాతబల్ల ఉంది. కొడుకు చెమటలు కారుస్తూ అలమరను మళ్లీ గదిలోకి జరుపుతున్నాడు. ఆ చప్పుడుకు మేడమీదావిడ దిగొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, సాయం చేయడానికి కాదనుకోండి.

నర్సమ్మ కుర్చీలో కూర్చుని పగిలిన అద్దం అంచును వేలితో తాకింది. కొడుకు చూశాడు. వచ్చి ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందమ్మా. నాన్న పోయాకే కదా ఇవి పోగుచేయడం మొదలెట్టావు? ఆయన లేని వెలితి పూడ్చుకోడానికే ఇదంతా అని నా బుర్రకు తట్టలేదు."

"అయ్యో అక్కయ్యా!" మేడమీదావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అన్నయ్యగారి జ్ఞాపకమని ఒక్క మాట చెబితే మేమేమన్నా అనేవాళ్లమా? ఇవాళే అందరికీ చెబుతాను."

కోడలు అత్తగారి వైపే చూస్తోంది. ఒక్కసారి తలూపితే చాలు. వీధి నోరు మూతబడుతుంది, కార్లకు ఇకపై ఎవరూ అడ్డం రారు.

నర్సమ్మ కొడుకు చెంప మీది తడిని బొటనవేలితో తుడిచింది. నల్లద్దాలు తీసింది.

"మీ నాన్న ఉన్నన్నాళ్లూ నన్ను ఒక్కటీ కొననివ్వలేదు. ఆయన పోయాక కొనుక్కున్నాను. నాకిష్టం."